సర్వర్లు రెండు, స్పీకర్లు ఐదు: ఇంట్లో పాటలు దారి తప్పకుండా

నిన్నటిదాకా హాలు స్పీకర్లో ఆల్బమ్‌లన్నీ కనబడ్డాయి, ఇవాళ సగమే ఉన్నాయి. పాటలు ఎక్కడికీ పోలేదు. రాత్రి కరెంటు పోయి వచ్చాక ఆ స్పీకరు వేరే సర్వర్‌కి, అంటే స్పీకర్లకి పాటలు పంపే వేరే ప్రోగ్రామ్‌కి, అతుక్కుంది, అంతే.

లిరియన్ మ్యూజిక్ సర్వర్ వాడే ఇళ్ళలో ఇది మామూలు తకరారు. లాజిటెక్ మీడియా సర్వర్ అన్నది దీని పాత పేరే. స్పీకరు దగ్గర పాట వాయించే స్క్వీజ్‌లైట్ ప్లేయర్‌కి సర్వర్ అడ్రస్ చెప్పకపోతే, అది ఆన్ అవగానే యూడీపీ 3483 పోర్టు (ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే తలుపు నంబరు) మీద "సర్వర్ ఎవరైనా ఉన్నారా?" అని నెట్‌వర్క్ అంతా కేకేస్తుంది. ముందు పలికిన దానితో వెళ్ళిపోతుంది. పైగా ఒకే సర్వర్ కింద ఉన్న ప్లేయర్లే కలిసి ఒకే పాట పాడగలవు. హాలు ఒక సర్వర్‌కి, వంటిల్లు ఇంకో సర్వర్‌కి పోతే ఆ రెండింటినీ సింక్ చేయలేరు.

అందుకే ముందు రెండో సర్వర్ నిజంగా కావాలా అని చూసుకోండి. టీవీకి డీఎల్ఎన్ఏ (ఇంటి నెట్‌వర్క్‌లో పాటలు, వీడియోలు పంచుకునే పద్ధతి) తప్ప ఇంకేమీ తెలియకపోతే మినీడీఎల్ఎన్ఏ అనే సర్వర్ పెట్టుకోవచ్చు. విశాఖ గాజువాక ఆఫీసులో కూర్చుని ఫోన్లో ఇంటి పాటలు వినాలంటే నావిడ్రోమ్ అనే సర్వర్ పనికొస్తుంది. కింది అంతస్తులో అమ్మానాన్నల పాటలు పూర్తిగా వేరైతే రెండో లిరియన్‌కీ అర్థముంది. ఒకే పాటలకి రెండు లిరియన్లు మాత్రం దండగ.

అడ్రస్‌లు కదలకూడదు

రూటర్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ పెట్టి ఒక్కో సర్వర్‌కి ఒక్కో స్థిరమైన అడ్రస్ ఇవ్వండి: మొదటిదానికి 192.168.1.10, రెండోదానికి 192.168.1.11 అనుకోండి. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ని ప్లేయర్‌గా మార్చే పైకోర్‌ప్లేయర్ అయితే స్క్వీజ్‌లైట్ సెట్టింగ్స్ పేజీలో సర్వర్ ఐపీ గడి ఖాళీగా ఉంటుంది, అక్కడ ఈ అడ్రస్ రాసి సేవ్ చేయండి. ఇక ఆ ప్లేయర్ ఎన్నిసార్లు రీస్టార్ట్ అయినా అక్కడికే వస్తుంది. ఒక ఎస్డీ కార్డు కాపీ చేసి రెండో ప్లేయర్ తయారుచేస్తే, సెట్టింగ్స్‌లో మ్యాక్ అడ్రస్ (ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చేత్తో రాసి ఉందేమో చూడండి. ఉంటే రెండిటినీ సర్వర్ ఒక్కటే అనుకుంటుంది, ఒకటి పాడితే రెండోది ఆగిపోతుంది.

ఫైబర్ మోడెం ఒకటి, సొంత రూటర్ ఇంకొకటి ఉండి, రెండూ అడ్రస్‌లు పంచుతుంటే ఇంట్లో రెండు నెట్‌వర్కులున్నట్టే. ఒకదానిలోని సర్వర్‌ని రెండోదానిలోని స్పీకరు కనిపెట్టలేదు. సొంత రూటర్‌ని అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చేయడం తేలిక.

ఒకే కంప్యూటర్లో లిరియన్ 9000 పోర్టు మీద, మినీడీఎల్ఎన్ఏ 8200 మీద, నావిడ్రోమ్ 4533 మీద గొడవ లేకుండా నడుస్తాయి. రెండు లిరియన్లు మాత్రం 9000, 9090, 3483 మూడిటి దగ్గరా కొట్టుకుంటాయి. టీవీలో అవే పాటలు రెండుమూడు పేర్ల కింద కనబడితే, జెల్లీఫిన్ లాంటి ఇంకో ప్రోగ్రామ్ కూడా డీఎల్ఎన్ఏలో చాటింపు వేస్తోందని అర్థం. అక్కర్లేనిదాన్ని ఆపండి. అసలు ఏదీ కనబడకపోతే టీవీ గెస్ట్ వైఫైలో ఉందేమో, రూటర్లో వైఫై పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా చేసే ఏపీ ఐసొలేషన్ ఆన్ అయి ఉందేమో చూడండి. ఆ తర్వాతే రూటర్లోని ఐజీఎంపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ జోలికి వెళ్ళండి.

డిస్కు ఒక్కటే, కరెంటు పోతే మాత్రం జాగ్రత్త

పాటలు ఒకే డిస్కులో ఉంచి, సర్వర్లన్నిటికీ చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. రెండు కాపీలు పెట్టుకుంటే ఆరునెలల్లో ఏది సరైనదో ఎవరూ చెప్పలేరు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. యూఎస్‌బీ డిస్కు తిరగడం మొదలయ్యేలోపే సర్వర్ లేచి, ఖాళీ ఫోల్డర్‌ని స్కాన్ చేసి, లైబ్రరీ జాబితా మొత్తం తుడిచేయొచ్చు. ఫైళ్ళు భద్రంగానే ఉంటాయి, కానీ మళ్ళీ స్కాన్ అయ్యేదాకా పాటల్లేవు. దీనికి మందు: లైనక్స్‌లో డిస్కుని యూయూఐడీతో (డిస్కు సొంత గుర్తింపు సంఖ్య) మౌంట్ చేయండి, అంటే జతచేయండి; ఆ మౌంట్ సిద్ధమయ్యాకే సర్వర్ మొదలయ్యేలా, ప్రోగ్రామ్‌లని మొదలుపెట్టే సిస్టమ్‌డీ సర్వీస్‌లో షరతు పెట్టండి.

రాస్‌ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. దాని యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే, కాబట్టి సొంత పవర్ లేని డిస్కులు రెండు తగిలించకండి. రాస్‌ప్‌బెర్రీ పై 5కి 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీకి 600 మిల్లీ ఆంపియర్లే వస్తాయి. రూటర్ మినీ యూపీఎస్ ఇచ్చే 12 వోల్టుల వైరు రాస్‌ప్‌బెర్రీ పైకి పొరపాటున కూడా గుచ్చకండి.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్ళకి ఉప్పుగాలి అదనపు పీడ. ల్యాన్ కేబుల్ చివర్లు తుప్పు పట్టి పాట తెగితెగి వస్తుంది, జనం తిట్టేది మాత్రం సర్వర్‌ని. సీడీ నాణ్యత పాటకి కుదించకుండా పంపినా సెకనుకి 1411 కిలోబిట్లు చాలు, కాబట్టి వైరు మీద పాట తెగితే స్పీడుని కాదు, జాయింటుని అనుమానించండి. చివర కత్తిరించి కొత్త కనెక్టర్ క్రింప్ చేయండి. సర్వర్‌ని సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి.

మన పాటల ట్యాగ్‌లు

తెలుగు సినిమా ఆల్బమ్‌లో ఆరు పాటలకి ఆరుగురు గాయకులుంటారు. ట్యాగ్‌లు అంటే పాట ఫైల్లోనే రాసి ఉండే పేర్లు. వాటిలో 'ఆల్బమ్ ఆర్టిస్ట్' గడి ఖాళీగా వదిలితే ఒక్కో సర్వర్ ఆ ఆల్బమ్‌ని ఒక్కో రకంగా ముక్కలు చేస్తుంది. ట్యాగ్‌లు దిద్దే ప్రోగ్రామ్‌లైన ఎంపీ3ట్యాగ్‌లోగానీ పికార్డ్‌లోగానీ అక్కడ సంగీత దర్శకుడి పేరు, ఆర్టిస్ట్ గడిలో గాయకుల పేర్లు పెట్టండి. ఘంటసాల పేరు తెలుగులో ఒకచోట, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకోచోట ఉంటే జాబితాలో ఇద్దరు ఘంటసాలలు వస్తారు. ఏదో ఒక లిపికి కట్టుబడండి. ఐడీ3వీ1 అనే పాతరకం ట్యాగ్‌లు తీసేయండి: వాటిలో 30 అక్షరాలకి మించి పట్టదు, తెలుగు ప్రశ్నార్థకాలుగా మారుతుంది.

అన్నీ అయ్యాక మెయిన్ ఆపి, రెండు నిమిషాలాగి మళ్ళీ వేయండి. ఒక్కో ప్లేయర్ ఏ సర్వర్ కింద లేచిందో లిరియన్ పేజీలో చూడండి. ఏదైనా దారి తప్పితే దాని ఐపీ గడి ఇంకా ఖాళీగానే ఉందన్నమాట.