కణితి తీశాక పిల్లవాడిని కనిపెట్టుకుని ఉండడం ఎలా

మా చిన్నవాడికి 7 ఏళ్లప్పుడు చిన్నమెదడులో కణితి తీశారు. బయాప్సీలో మెడుల్లోబ్లాస్టోమా, అంటే చిన్నమెదడులో వచ్చే ఒక రకం క్యాన్సర్ అని తేలింది. తర్వాత రేడియేషన్, కీమో అయ్యాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, "తిరిగి వస్తే చాలావరకు మొదటి 2, 3 ఏళ్లలోనే వస్తుందమ్మా, స్కాన్ తేదీ దాటనివ్వకండి" అన్నారు. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది.

ముందుగా మీ బిడ్డ కణితి పేరేమిటో, మొత్తం తీయగలిగారో లేదో కాగితం మీద రాయించుకోండి. పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే నెమ్మదిగా పెరిగే కణితిని పూర్తిగా తీసేస్తే తిరిగి రావడం అరుదు. మెడుల్లోబ్లాస్టోమా అలా కాదు, వెన్నుపాము వెంట కూడా పాకగలదు. అందుకే మావాడికి తలతోపాటు వెన్నుకూ ఎమ్మారై తీస్తారు. మొదటి 2 ఏళ్లు 3 నెలలకోసారి తీశారు, ఇప్పుడు 6 నెలలకోసారి. మీ గడువు మీ డాక్టరునే అడగండి.

స్కాన్‌కు పాత సీడీలన్నీ పట్టుకెళ్లండి. ఆపరేషన్ అయిన 2, 3 రోజుల్లో తీసినది మరీ ముఖ్యం. ఒకసారి కొత్త చోట తీయించి పాతవి చూపించలేదు. ఆపరేషన్ మచ్చను చూసి, మళ్లీ పెరుగుతుండవచ్చని రిపోర్టులో రాశారు. పాత సీడీ పక్కన పెట్టి చూసిన మా సర్జన్ అది మచ్చేనన్నారు. ఈలోగా గడిచిన 9 రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఇంట్లో చూడవలసినవి: నిద్ర లేవగానే తలనొప్పి, పరగడుపున వాంతి, తల ఒక పక్కకు వాల్చడం, ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలు. మా హాల్లో నేల పలకల మధ్య సన్నని గీత ఉంది. ప్రతి ఆదివారం దాని మీద ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ నడవమంటాను. "అమ్మా, ఇవాళ 11 పలకలు!" అంటాడు. వాడికది ఆట. నెలకోసారి కాపీ పుస్తకంలో ఒకే వాక్యం రాయిస్తాను. వాడు పడుకున్నాక కిందటి నెల అక్షరాల పక్కన పెట్టి చూస్తాను. తోటి పిల్లల రాతతో ఎన్నడూ పోల్చను, వాడి చేయి నెమ్మది.

ఒక్క వాంతికే హడలిపోకండి. వరసగా 2 ఉదయాలు అయితే మాత్రం ఆ రోజే ఫోన్ చేయండి. మావాడికి షంట్ (తలలో చేరే నీటిని కిందికి దింపే సన్నని గొట్టం) ఉంది, అది మూసుకుపోయినా ఇవే లక్షణాలు. షంట్ ఉన్న బిడ్డ మగతగా ఉండి పిలిస్తే సరిగా పలకకపోతే, అర్ధరాత్రయినా సరే, వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

రిపోర్టు వచ్చేదాకా పిల్లవాడి ఎదుట ఫోనులో ఆ మాటలొద్దు. మావాడు నా ముఖం చూసే అడిగేస్తాడు, "బాగానే వచ్చింది కదమ్మా?" అని.