పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ పూర్వీకుల జాడ తీయడం ఎలా?

అమెరికన్ కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు ఇప్పుడు అరుదేమీ కాదు. ఆ ఇళ్ళ పిల్లల కోసం అమెరికన్ వైపు వంశ వివరాలు రాసిపెట్టాలనుకునేవారు ముందుగా ఒక నియమం పాటించాలి: తెలిసిన మనిషి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్ళాలి. పేరు కలిసిందని 1850 నాటి వ్యక్తినెవరినో పట్టుకుని అక్కడి నుంచి ముందుకు వస్తే, పరాయి వంశాన్ని సొంత వంశంగా రాసుకునే ప్రమాదం ఉంది.

ఈ వెతుకులాటకు ఆధారం పదేళ్ళకోసారి జరిగే జనగణన. అది 1790లోనే మొదలైనా, 1840 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే రాసి, మిగిలినవారిని వయసుల వారీగా అంకెల్లో చూపారు. స్వతంత్రులందరి పేర్లూ, వయసులూ, జన్మస్థలాలూ 1850 నుంచి నమోదయ్యాయి. యజమానితో బంధుత్వం, తల్లిదండ్రులు పుట్టిన చోటు 1880లో చేరాయి. 1900 పత్రంలోనైతే పుట్టిన నెల, పెళ్ళయి ఎన్నేళ్ళయింది, తల్లి ఎందరిని కన్నది, వారిలో ఎందరు బతికి ఉన్నారన్న వివరాలు కూడా దొరుకుతాయి. అందుకే 1900 నుంచి వెనక్కి వెళ్ళడం మేలు. వీటిని ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. 1890 పత్రాలు మాత్రం 1921 నాటి అగ్నిప్రమాదం కారణంగా దాదాపు పూర్తిగా పోయాయి కనుక, ఆ ఖాళీని కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) వివాహ రిజిస్టర్లతో, పన్నుల జాబితాలతో పూడ్చుకోవాలి. గణకులు విన్నది విన్నట్టు రాసేవారు కాబట్టి ఇంటిపేరు స్పెల్లింగు మారినా కంగారు పడనక్కరలేదు. భార్యాపిల్లల పేర్లు, వయసులు, ఇరుగుపొరుగు కుటుంబాలు సరిపోతున్నాయా అన్నదే చూడాలి.

నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైనది, 1861-65లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధపు సైనికుల పింఛను దస్త్రం. పూర్వీకుడు ఉత్తరాది సైన్యంలో పనిచేసి ఉంటే, వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో అది ఉందేమో తప్పక వెతకాలి. అతని భార్య వితంతు పింఛను కోరినప్పుడు పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో, పదహారేళ్ళలోపు పిల్లలు ఎప్పుడు పుట్టారో రుజువు చేయవలసి వచ్చేది. రిజిస్టర్లు లేని ఊళ్ళలో ఇరుగుపొరుగువారు, తోటి సైనికులు, పురుడు పోసిన మంత్రసానులు ప్రమాణం చేసి వాంగ్మూలాలిచ్చేవారు. కొందరైతే జననమరణాలు రాసుకున్న ఇంటి బైబిలు పుటలనే చించి జతపరిచారు. ఆన్‌లైన్‌లో సూచిక మాత్రమే కనిపించి ఆగిపోతే, రుసుము చెల్లించి పూర్తి దస్త్రం నకలు తెప్పించుకోవాలి, ఎందుకంటే ఆ మనిషి బతికిన తీరు తెలిసేది ఆ వాంగ్మూలాల్లోనే. దక్షిణాది సైనికులకు పింఛన్లిచ్చింది ఆయా రాష్ట్రాలు కనుక వారి కోసం రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతకాలి.

పూర్వీకులు బానిసత్వంలో ఉన్నవారైతే దారి మరింత కష్టం. వారిలో అత్యధికుల పేర్లు జనగణనలో తొలిసారి కనిపించేది 1870లోనే. 1850, 1860 నాటి ప్రత్యేక పట్టికల్లో యజమాని పేరు కింద బానిసల వయసు, లింగం, వర్ణం తప్ప సాధారణంగా పేర్లుండవు. ఇక్కడ ముందుగా చూడవలసినవి బానిసత్వం నుంచి విడుదలైనవారి కోసం 1865 నుంచి 1874 దాకా నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలు. వాటిలో ఖాతాదారు తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు, కొన్నిచోట్ల పాత యజమాని పేరు కూడా ఉంటాయి. యజమాని ఎవరో తేలాక కౌంటీ కోర్టులో అతని వీలునామా, మరణానంతర ఆస్తి జాబితా తీయించాలి. మనుషులకు వెలకట్టి రాసిన ఆ జాబితాలు చదవడం బాధాకరమే అయినా, బిడ్డ పేరును తల్లి పేరుతో కలిపి చూపే కాగితం మరొకటి లేకపోవచ్చు.