పెంపుడు జంతువుల ఫొటోగ్రఫీ – అయిదవ పాఠం: కౌగిలి వదలండి, చేతిని చూడండి

ఈసారి పరుగెత్తే జంతువుల గురించి చెప్తానని మాట ఇచ్చాను. నాలుగో పాఠం తరువాత మీరు పంపిన ఫొటోలు చూశాక ఆ పాఠాన్ని వెనక్కి జరపక తప్పడం లేదు. వాటిలో మూడు పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపించాయి. రెండు నా పాఠం నుంచే వచ్చాయి. మూడోది అందరిలోనూ ముందు నుంచీ ఉన్నదే, ఈరోజు ఎక్కువ సేపు మాట్లాడేది దాని గురించే.

మొదటిది: ముక్కు స్పష్టంగా ఉంది, కళ్లు మసకబారాయి. "అపర్చర్ పూర్తిగా తెరవండి, వెనుక భాగం మెత్తగా కరిగిపోతుంది" అని నేనే రాశాను. ఆ మాట మనిషి ముఖానికి సరిపోతుంది, మూతి పొడవున్న కుక్కకు సరిపోదు. లెక్క చూడండి. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే ఆ రంధ్రం అంత పెద్దది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 మి.మీ. లెన్స్ పెట్టి, ఎఫ్ 1.8 దగ్గర, మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా కనిపించే లోతు దాదాపు 4 సెంటీమీటర్లే. చాలా కుక్కలకు ముక్కు నుంచి కంటికి అంతకంటే ఎక్కువ దూరం ఉంటుంది. ఫోకస్ ముక్కు మీద పడిందంటే కన్ను పోయినట్టే. ఎఫ్ 4కు వస్తే ఆ లోతు 9 సెంటీమీటర్లు దాటుతుంది. కాబట్టి ఇకమీదట ఎఫ్ 4 నుంచి మొదలుపెట్టండి. పక్కన మనిషి కూడా ఉంటే ఎఫ్ 5.6. వెనుక భాగం మరీ మెత్తగా కావాలనుకుంటే అపర్చర్ తెరవకండి, జంతువును గోడకు దూరంగా తీసుకురండి.

రెండోది శబ్దం. నోటితో చిన్న శబ్దం చేస్తే చెవులు నిక్కబొడుచుకుంటాయని చెప్పాను. ఒకసారి చేయమన్నాను, మీరు ప్రతి ఫ్రేముకూ చేశారు. ఫలితంగా వచ్చిన కుక్కలన్నిటికీ ఒకటే ముఖం: చెవులు నిటారుగా, తల కాస్త ఒరిగి, కళ్లు లెన్స్ మీద. బాగానే ఉన్నాయి, కానీ అవి మీ కుక్కలు కావు, శబ్దం విన్న కుక్కలు. పక్కనే కూర్చున్న మనిషిని అవి ఆ క్షణంలో మరచిపోయాయి. ఈ పాఠం ఆ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని పట్టుకోవడం గురించి. అందుకే ఈ వారమంతా శబ్దం చేయకండి, పేరు పెట్టి పిలవకండి, తినేది చూపించకండి. కెమెరాలో నిశ్శబ్ద షట్టర్ ఉంటే వాడండి. ఫోకస్ కోసం ముందు వెలిగే చిన్న దీపాన్ని ఆపేయండి. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, పిల్లి చెవి అంతకు మూడు రెట్లకు పైగా వింటుంది. మీకు వినిపించని మోటారు శబ్దానికి కూడా అది తల తిప్పవచ్చు. కాబట్టి పిల్లి దగ్గర మొదటి పది నిమిషాలు కెమెరాను ఆన్ చేసి ఊరికే పక్కన పెట్టి ఉంచండి.

కిటికీ వెలుగు గురించి, జంతువు కంటి ఎత్తుకు దిగి కూర్చోవడం గురించి మళ్లీ చెప్పను. ఫ్లాష్ ఊసు అసలే ఎత్తను.

ఇక మూడోది. మీరు పంపిన వాటిలో సగానికి పైగా కౌగిలింతలే. మెడ చుట్టూ రెండు చేతులు, చెంపకు చెంప ఆనించి, మనిషి కెమెరా వైపు చూసి నవ్వుతూ. కింద "మా అనుబంధం" అని రాశారు. అనుబంధం ఉంది, నాకు సందేహం లేదు. ఫొటోలో మాత్రం అది లేదు. ఫొటోలో ఉన్నది సంతోషంగా ఉన్న ఒక మనిషి, వదిలితే చాలనుకుంటున్న ఒక ప్రాణి.

ఈ మాట మీకు కఠినంగా అనిపిస్తుందని తెలుసు. మీరు ఎంతో ప్రేమతో తీసిన ఫొటోలు అవి. కానీ ఆ ఫొటోనే మళ్లీ తెరిచి, మీ ముఖాన్ని చేత్తో మూసేసి, జంతువు ముఖాన్ని మాత్రమే చూడండి. కుక్క తలను మీ నుంచి పక్కకు తిప్పిందా? కనుగుడ్డు తెల్లభాగం అంచున నెలవంకలా కనిపిస్తున్నదా? చెవులు వెనక్కి అతుక్కుపోయాయా? నిద్రమత్తు లేకుండానే ఆవలిస్తున్నదా, ఎదుట తిండి లేకుండానే పెదవులు నాక్కుంటున్నదా? ఇవన్నీ ఇబ్బందికి గుర్తులు. ఒక్కటి కనిపిస్తే యాదృచ్ఛికం కావచ్చు. రెండు మూడు కలిసి కనిపిస్తే కుక్క మాట్లాడుతున్నట్టే లెక్క. పిల్లి అయితే చెవులు రెండు పక్కలకూ వాలతాయి, తోక కొస కొట్టుకుంటుంది, ముందు కాళ్లు మీ ఛాతీని నెడుతుంటాయి. ఆ నెట్టడాన్ని చాలామంది "నా మీద చెయ్యి వేసింది" అని రాస్తారు. కుందేలు కదలకుండా ఉంటే ప్రశాంతంగా ఉందని అర్థం కాదు. వేటకు గురయ్యే జంతువు భయంతో బిగుసుకుపోయి కూడా కదలదు.

మనుషులకు కౌగిలి ఆప్యాయత. కుక్కకు, ముఖ్యంగా మెడ చుట్టూ చేతులు పడినప్పుడు, అది కదలనివ్వకుండా పట్టుకోవడం. కొన్ని కుక్కలు అలవాటుపడతాయి, కొన్ని ఇష్టపడతాయి కూడా. ఇష్టపడే కుక్కను గుర్తించడం తేలిక: దాని ఒళ్లు మెత్తబడి, బరువు మీ మీద వాలుతుంది. బిగుసుకున్న ఒంటినీ వాలిన ఒంటినీ కెమెరా స్పష్టంగా వేరు చేసి చూపిస్తుంది. కౌగిలించుకున్న మనకు తేడా తెలియకపోయినా చూసేవాళ్ల మనసుకు తెలుస్తుంది, అందుకే అలాంటి ఫొటో ఎదుట ఎవరూ ఎక్కువ సేపు ఆగరు.

ఒకరు పంపిన 12 ఫ్రేముల వరుస గురించి చెప్పాలి. మొదటి పదకొండూ కౌగిలింతలు, ప్రతి దానిలో కుక్క చూపు తలుపు వైపే. పన్నెండో దానిలో చేతులు వదిలేశారు. కుక్క లేచి ఒళ్లంతా దులుపుకుని, ఒక్క చుట్టు తిరిగి వచ్చి, తనంతట తాను ఆమె మోకాలి మీద గడ్డం ఆనించింది. ఆమె దాన్ని చూడటం లేదు, చెప్పు సర్దుకుంటున్నది. ఒక చెయ్యి మాత్రం అలవాటుగా కుక్క చెవి వెనక్కి వెళ్లింది. ఫ్రేము కాస్త వంకరగా ఉంది, ఆమె తల సగం తెగింది. కింద "ఇది పొరపాటున పడింది, లెక్కలోకి తీసుకోకండి" అని రాశారు. నేను లెక్కలోకి తీసుకున్నది అదొక్కటే. చూడకుండానే చెవి ఎక్కడుందో తెలిసిన చెయ్యి అది. అనుబంధం అంటే నేను వెతికేది సరిగ్గా దాన్నే.

కాబట్టి చేతులను చూడండి. ముఖాలు కెమెరా కోసం మారతాయి, చేతులు అంత త్వరగా మారవు. దువ్వుతున్న చెయ్యి వేరు, పట్టుకున్న చెయ్యి వేరు, ఊరికే ఆనుకుని ఉన్న చెయ్యి వేరు. మూడోదే నాకు ఇష్టం. చదువుకుంటున్న మనిషి మోచేతి వంపులో నిద్రపోయే పిల్లి. ముసలి కుక్కను మెట్ల మీదుగా దింపేటప్పుడు పొట్ట కింద పెట్టిన అరచెయ్యి. గోళ్లు కత్తిరిస్తుండగా మనిషి వేలిని బిగించి పట్టుకున్న చిలుక కాలు. తలుపు దగ్గర తన మనిషి కోసం ఎదురుచూసే కుక్క వీపు, ఆ మనిషి ఇంకా ఫ్రేములోకి రాకముందే. చెప్పుల మీద తల పెట్టుకుని పడుకున్న కుక్క. అక్కడ మనిషి లేకపోయినా ఉన్నట్టే.

కళ్లు కళ్లు కలిసే క్షణం వదిలేయమని కాదు. 2015లో జపాన్‌లోని అజబు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక విషయం ప్రచురించారు: కుక్కా, దాన్ని పెంచే మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుంది. తల్లీబిడ్డల బంధంలో పాత్ర ఉన్న హార్మోన్ అది. మనుషులు పెంచిన తోడేళ్లలో ఇది కనిపించలేదు. 2019లో మరో పరిశోధన కుక్క కనుబొమ లోపలి కొసను పైకెత్తే ఒక కండరాన్ని వివరించింది. తోడేలులో ఆ కండరం సరిగా ఏర్పడి ఉండదు. ఆ చిన్న కదలికతోనే కుక్క కళ్లు పెద్దవిగా, జాలిగా కనిపిస్తాయి. ఫొటో తీసేవారికి దీనితో ఏం పని? పని ఉంది. ఆ చూపు తన మనిషి కోసం. లెన్స్ కోసం కాదు. మీరు ఎదురుగా కూర్చుని పిలిస్తే ఆ చూపును దొంగిలించినట్టే. పక్కకు జరగండి. ఇద్దరి చూపులూ కలిసే గీతకు అడ్డంగా, ఇద్దరి ముఖాలూ మీకు దాదాపు ఒకే దూరంలో ఉండేలా కూర్చోండి. అప్పుడు ఎఫ్ 4 కూడా ఇద్దరికీ సరిపోతుంది. పిల్లులు సూటి చూపును అంతగా ఇష్టపడవు. వాటికి నెమ్మదిగా కళ్లు సగం మూసి తెరవడమే పలకరింపు. మనిషి అలా చేస్తే పిల్లులు కూడా అలాగే బదులిస్తాయని 2020లో ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. కనుక పిల్లి కళ్లు సగం మూసిన ఫ్రేమును చెడిపోయిందని చెరిపేయకండి. ఇదివరకు నాకు పంపిన వాటిలో అలాంటివి ఎన్ని చెరిపేశారో అనిపిస్తుంది.

నల్ల కుక్క ఉన్నవాళ్లకు ఒక్క ముక్క. కెమెరా నల్ల బొచ్చును బూడిద రంగు చేయాలని చూస్తుంది, ఆ క్రమంలో దాని మీద ఉన్న మీ చెయ్యి తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుగును) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి, రా ఫైలులో (కెమెరా కుదించకుండా దాచే ఫైలులో) తీయండి, బొచ్చును తరువాత పైకి లేపుకోవచ్చు. తెల్ల పిల్లికి దీనికి తిరగేసి. ఫోనులో అయితే చేతి మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుగు రెండూ బిగించండి. వెనుక భాగాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి, అది తరచు మీసాలను కూడా కత్తిరించేస్తుంది. షట్టర్ వేగం కూర్చున్న జంతువుకు 1/250 సెకను, అది నాలుకతో నాకే క్షణానికి 1/500. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే మోతాదు) పెరిగితే పెరగనివ్వండి. నేను ఇంట్లో 35 మి.మీ. లెన్స్ తప్ప మరొకటి వాడను, ఎందుకంటే దానితో ముఖం కోసం దగ్గరకు వెళ్లాలనే ఆశ తగ్గి, చుట్టూ ఉన్న గది కూడా ఫొటోలోకి వస్తుంది.

ఈ పాఠం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. మా ఇంట్లో ఒక కుక్క పదమూడేళ్లు బతికింది. దాని ఫొటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి. కళ్లు స్పష్టంగా, వెలుగు చక్కగా, దాదాపు ప్రతిదానిలో అది ఒక్కటే. రోజూ దానికి అన్నం కలిపి పెట్టింది మా అమ్మ. సాయంత్రం ఆమె గడప మీద కూర్చుంటే అది వీపు ఆనించి కూర్చునేది, ఇద్దరూ వీధి వైపు చూసేవాళ్లు. అది ప్రతిరోజూ జరిగేది కాబట్టి నేను తీయలేదు. ఇద్దరూ కలిసి ఉన్న ఫొటోలు రెండే దొరికాయి, ఆ రెండూ నేను పిలిస్తే ఇద్దరూ కెమెరా వైపు తిరిగినవే.

ఈ వారం అభ్యాసం. ఇది కష్టమైనది, కుదించకండి. ఏడు రోజులు. మొదటి రెండు రోజులు కెమెరా ముట్టుకోవద్దు. ఇంట్లో ఒక మనిషినీ ఒక జంతువునూ ఎంచుకుని (మీరు కాకుండా మరొకరైతే మేలు), వాళ్లు ఒకరినొకరు తాకిన ప్రతిసారీ ఒక కాగితం మీద రాయండి: ఏ సమయం, ఎక్కడ, ముందు ఎవరు దగ్గరకు వచ్చారు. ఆ మూడో గడి ముఖ్యం. రెండు రోజుల్లో ఏదో ఒక చోటు, ఒక వేళ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మూడో రోజు నుంచి ఆ వేళకు అరగంట ముందే అక్కడికి వెళ్లి నేల మీద కూర్చోండి. రోజుకు పది ఫ్రేములు మించవద్దు. జంతువు తనంతట తాను దగ్గరకు వచ్చినప్పుడే బటన్ నొక్కండి. మనిషి వెళ్లి పట్టుకుంటే కెమెరా దించేయండి. ఒంటరిగా ఉంటున్నవాళ్లు కెమెరాను స్టాండు మీద పెట్టి, నిమిషానికొక ఫ్రేము తీసేలా టైమర్ పెట్టుకుని, దాన్ని మరచిపోయి పని చేసుకోండి, పది ఫ్రేముల లెక్క మీకు కాదు.

చివరి రోజున యాభైలో మూడు ఎంచి పంపండి. ఒకదానిలో చెయ్యి ఉండాలి, ముఖం ఉండకూడదు. ఒకదానిలో ఇద్దరూ కెమెరాను చూడకూడదు. మూడోది మీ ఇష్టం. కాగితం కూడా ఫొటో తీసి పంపండి, చేతిరాత ఎలా ఉన్నా ఫరవాలేదు. చెరిపేయాలనుకున్నవి ఏవైనా ఉంటే వాటిని చెరిపేయకుండా అలాగే ఉంచండి, పరుగు పాఠం మొదలుపెట్టే ముందు వాటిని కలిసి చూద్దాం.