కెల్టిక్ దేవతల అధ్యయనం: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని నమ్మాలి

కెల్టిక్ దేవతల గురించి, అంటే ప్రాచీన ఐరోపాలో కెల్టిక్ భాషలు మాట్లాడిన ప్రజల దేవతల గురించి చదవదలచినవారు వంశవృక్షం గీసే ఆలోచనను ముందే విరమించుకోవాలి. వీరందరికీ ఒకే రాజు గానీ ఒకే దివ్యనివాసం గానీ లేవు. గాల్ (దాదాపు నేటి ఫ్రాన్స్), బ్రిటన్, ఐర్లండ్, వేల్స్ ప్రాంతాల్లో వేర్వేరు కాలాలకు చెందిన ఆధారాలను నేడు మనం ఒకే పేరు కింద చేర్చి చెప్పుకుంటున్నాం. కాబట్టి ఏ దేవత పేరు ఎదురైనా అది ఎక్కడ దొరికిందో, ఎప్పటిదో, ఎవరు రాశారో ఆ పేరు పక్కనే రాసుకోవాలి.

చదువును ఐర్లండ్ కథలతో ఆరంభించడం మేలు, ఎందుకంటే దేవతలు మాట్లాడుతూ, పోరాడుతూ కనిపించేది అక్కడే. మాగ్ తురెద్ రెండవ యుద్ధగాథ ఒక్కటి చదివినా తువా డే డానన్ అనే దైవజాతిలోని ప్రముఖులు పరిచయమవుతారు: చేయి పోయినందువల్ల రాజ్యార్హత కోల్పోయిన నువాడ, అతనికి వెండి చేయి అమర్చిన వైద్యుడు డియన్ కేఖ్ట్, మహాబలుడైన దేవుడు దగ్ద, యుద్ధదేవత మోరిగన్. అందులో లూ అనే దేవుడు రాజనివాసమైన టారా కోట వాకిలికి వచ్చే ఘట్టాన్ని నిదానంగా చదవాలి. ఏ విద్య తెలుసని ద్వారపాలకుడు అడుగుతాడు. వడ్రంగినని, కమ్మరినని, వీరుడినని, వీణావాదకుడినని, కవినని, వైద్యుడినని లూ చెబుతూ పోతాడు, ఆ విద్య తెలిసినవాడు లోపల ఉన్నాడని ప్రతిసారీ జవాబు వస్తుంది. ఇవన్నీ ఒక్కడికే తెలిసినవాడు ఉన్నాడా అని అతడు అడిగాకే తలుపు తెరుచుకుంటుంది. సకలవిద్యాపారంగతుడైన దేవుణ్ణి ఇంత చక్కగా ప్రవేశపెట్టిన ఘట్టాలు అరుదు.

అయితే ఈ కథలను లిఖించినవారు క్రైస్తవ లేఖకులు. 5వ శతాబ్దిలో ఆ మతం ఐర్లండులో వ్యాపించడం మొదలైన కొన్ని శతాబ్దాలకు ఇవి గ్రంథస్థమయ్యాయి. అందుకే దేవతలు చాలాచోట్ల మాయలెరిగిన పూర్వికుల్లా కనిపిస్తారు.

గాల్‌లో పరిస్థితి తారుమారు: అక్కడ పేర్లు, విగ్రహాలు మిగిలాయి, కథలు పోయాయి. రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలంలో పారిస్ పడవవాళ్లు నిలిపిన స్తంభంపై కొమ్ముల దేవుడి తల, సెర్నునోస్ అన్న పేరు చెక్కి ఉన్నాయి. 1891లో డెన్మార్క్‌లో దొరికిన గుండెస్ట్రుప్ వెండి పాత్రపైనా కొమ్ములున్న మూర్తి కనిపిస్తుంది గానీ అక్కడ పేరు లేదు. ఆ మూర్తి సెర్నునోస్ అనడం ఊహే, బలమైనదే అయినా. జూలియస్ సీజర్ గాల్ ప్రజలు అందరికన్నా మెర్క్యురీని ఎక్కువగా కొలుస్తారని రాసినప్పుడు స్థానిక దేవుడికి రోమన్ పేరు తగిలించాడని గ్రహించాలి. ఇంగ్లండులోని బాత్ నగరపు వేడినీటి బుగ్గ దగ్గర స్థానిక దేవత సులిస్‌ను రోమన్ దేవత మినర్వాతో కలిపిన సులిస్ మినర్వా అన్న జంటపేరులో ఆ అలవాటే కనిపిస్తుంది.

వేల్స్ కథలను చివరికి ఉంచుకోవచ్చు. మాబినోగి అనే మధ్యయుగ కథల సంపుటిలోని రియానన్‌ను ఎక్కడా దేవత అనలేదు. ఆమెకు గుర్రాలతో ఉన్న అనుబంధాన్ని బట్టి గాల్ అశ్వదేవత ఎపోనాతో పండితులు పోల్చారు. ఇలాంటి పోలికలను వేరే రంగు సిరాతో రాసుకోవాలి.

ఆధునిక రచనల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఉదాహరణకు కన్య, తల్లి, వృద్ధ అనే త్రిరూప దేవత భావన 20వ శతాబ్దిలో ప్రచారం పొందింది. పాత ఐరిష్ నిఘంటువు చెప్పే ముగ్గురు బ్రిజిట్‌లు మాత్రం కవిత్వం, వైద్యం, లోహకారవిద్యలకు అధిదేవతలైన అక్కచెల్లెళ్లు. వారి మధ్య తేడా విద్యలదే, వయసుది కాదు.