మల్లె పచ్చగానే ఉంది, మొగ్గే పట్టట్లేదు: కారణాలు, పరిష్కారాలు

ముందు మీ కుండీలో ఉన్నది ఏ మల్లెనో చూసుకోండి, సగం మంది బెంగ అక్కడే తీరిపోతుంది. గుండుమల్లె, దొంతరమల్లె ఎండాకాలం పూలు, ఫిబ్రవరి ఆఖర్లో మొదలై జూన్, జూలై దాకా పూస్తాయి. సన్నజాజి ఎండలు ముదిరాక మొదలుపెట్టి వానాకాలం అంతా ఇస్తుంది. కాగడా మల్లె చలికాలంలో బాగా పూస్తుంది, వాసన మాత్రం పెద్దగా ఉండదు. కాబట్టి డిసెంబర్‌లో గుండుమల్లె పూయట్లేదంటే అది జబ్బు కాదండీ, దానికి అది రెస్ట్ టైమ్.

సమస్య: ఎండాకాలంలో కూడా ఆకే, మొగ్గ లేదు

ఎక్కువసార్లు కారణం కత్తెర పెట్టకపోవడమే. మా డాబా మీద గుండుమల్లె రెండేళ్లు గుబురుగా పెరిగింది, చూస్తే ముచ్చటేసేది, పూలు మాత్రం రోజుకి నాలుగైదు. కొమ్మలు కత్తిరించాలంటే నాకు చెయ్యి రాలేదు, ఇంత పచ్చగా ఉన్న చెట్టుని ఎలా కొడతాం అని. కానీ మల్లె ముదురు కొమ్మ మీద పూయదు, కొత్తగా వచ్చిన చిగురు చివరే మొగ్గ కడుతుంది, చిగురు రావాలంటే కొమ్మ కొట్టాల్సిందే.

నవంబర్‌లో నీళ్లు తగ్గించి కొంచెం ఎండనివ్వండి. నెలాఖర్లో నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉంచి పైదంతా కత్తిరించండి, ఎండుపుల్లలు, పీల కొమ్మలు మొదటికంటా తీసేయండి, మిగిలిన ఆకు కూడా దూసేయండి. ఆ తర్వాత పైమట్టి గుల్ల చేసి రెండు గుప్పెళ్లు మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి అప్పుడు నిండా నీళ్లు పొయ్యండి. కొన్నాళ్లు మోడులా ఉంటుంది, కంగారు పడొద్దు. కణుపుల దగ్గర ఆవగింజంత పచ్చటి చుక్కలు కనిపించాయంటే దారిలో పడినట్టే. సన్నజాజికైతే ఇదే పని జనవరి ఆఖర్లో చెయ్యాలి.

నవంబర్ దాటిపోతే? పూసిన ప్రతి కొమ్మ చివర రెండు మూడు అంగుళాలు తుంచుతూ ఉండండి, మళ్లీ చిగురేస్తుంది.

కొమ్మ కొట్టినా పూయకపోతే ఎండ చూడండి, రోజుకి ఆరు గంటల ఎండ పడకపోతే మల్లెకి చాలదు, బాల్కనీ నీడలో ఆకు వస్తుంది అంతే. ఇంకోటి యూరియా, అది వేసేకొద్దీ ఆకు నవనవలాడుతుంది, మొగ్గ మాయమవుతుంది, మానేయండి.

సమస్య: లేతాకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

ఇది ఐరన్ లోపం. మట్టిలో ఐరన్ ఉన్నా బోరు నీళ్ల సున్నం వల్ల వేరు దాన్ని తీసుకోలేదు. మీ బకెట్ అడుగున తెల్లటి పొర కడుతుంటే అనుమానమే అక్కర్లేదు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టండి, నెలకోసారి. వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది.

అలా కాకుండా కింది ముదురాకులు మొత్తం పసుపెక్కి రాలుతుంటే, మట్టిలో వేలు రెండో కణుపు దాకా పెట్టి చూడండి, చిత్తడిగా ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి, కుండీ కన్నం మూసుకుపోయిందేమో కూడా చూడండి.

సమస్య: మొగ్గలు ఊదారంగుకి తిరిగి విచ్చకుండానే ఎండుతున్నాయి

ఇది చూస్తే మనసు చివుక్కుమంటుంది, అంత ఎదురుచూశాక. ఒక మొగ్గ గోటితో చీల్చండి. లోపల అడుగు భాగంలో చిన్న చిన్న పిల్ల పురుగులు కదులుతుంటే అది మొగ్గ ఈగ. మొగ్గకి గుండ్రటి కన్నం, పక్క మొగ్గలతో కలిపి సన్నటి గూడు ఉంటే మొగ్గతొలుచు పురుగు. ఏదైనా సరే పాడైన మొగ్గలన్నీ, రాలినవి కూడా ఏరి కాల్చేయండి, కంపోస్ట్‌లో అస్సలు వెయ్యొద్దు. ఈగ పురుగు మట్టిలోకి దిగి ప్యూపా అవుతుంది కాబట్టి పైమట్టి తిరగేసి వేపపిండి కలపండి. లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల షాంపూ కలిపి వారానికోసారి సాయంత్రం, ఆ రోజు పూలు కోసుకున్నాక కొట్టండి.

సమస్య: ఆకు మీద తెల్ల చుక్కలు, అడుగున సన్నటి బూజులాంటి గూడు

ఇది ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు, ఎండలు ముదిరితే వస్తుంది. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు భాగం గట్టిగా కడగండి, మూడు నాలుగు రోజులు వరసగా, తగ్గకపోతే పైన చెప్పిన వేపనూనే.