అడవిలో ఏకాంతానికి బయల్దేరే ముందు తిరుగుదారి చూసుకోండి

ఉద్యోగం మానేసి, ఏ లోటూ లేని ఇల్లు విడిచి, కొన్నాళ్లు నల్లమలలో ఒంటరిగా ఉండి తనను తాను తెలుసుకోవాలనుకునేవారు మనలో ఉన్నారు. ఆ తపనను నేను తేలిగ్గా చూడను. అహోబిలం, శ్రీశైలం కొండలు తరతరాలుగా అటువంటివారికి ఆశ్రయమిచ్చాయి. అయితే తొలకరి దగ్గరపడుతున్న ఈ రోజుల్లో బయల్దేరేవారు, లోపలికి వెళ్లే దారి కంటే ముందు బయటికి వచ్చే దారి గురించి ఆలోచించాలి.

అమెరికాలో క్రిస్ మెక్‌కాండ్‌లెస్ అనే యువకుడు డిగ్రీ పూర్తికాగానే తన పొదుపును దానమిచ్చేసి దేశాటనకు వెళ్లిపోయాడు. 1992 ఏప్రిల్‌లో, 24 ఏళ్ల వయసులో, అలాస్కా అడవిలోకి ఒంటరిగా నడిచాడు. వెళ్లేటప్పుడు సులువుగా దాటిన టెక్లానికా నది, జూలైలో తిరిగి వద్దామనుకునేసరికి మంచు కరిగిన నీటితో ఉప్పొంగుతోంది. కొంత దిగువన నదిని దాటేందుకు తీగకు వేలాడే తొట్టె ఒకటి ఉంది. వివరమైన పటం దగ్గర లేని అతనికి ఆ సంగతి తెలియలేదు. వెనక్కి వెళ్లి ఒక పాడుబడిన బస్సులో తలదాచుకుని, ఆగస్టులో అక్కడే చిక్కిశల్యమై చనిపోయాడు.

నల్లమలలో మంచు లేదు కాని వాగులున్నాయి. మే నెలలో ఇసుక తేలి కనిపించిన వాగు, ఎగువన ఎక్కడో కొండమీద కురిసిన వానకు, మీ నెత్తిన చినుకైనా పడకుండానే పొంగవచ్చు. అందువల్ల వాగు గర్భంలో గుడారం వేయకండి, బురదరంగు తిరిగి వడిగా పారుతున్న నీటిలో లోతు తక్కువని నమ్మి దిగకండి. వరద తీసేదాకా గట్టునే ఆగండి. అలా ఆగగలగాలంటే అనుకున్న రోజులకు మించి మరో మూడు రోజులకైనా సరిపడా తిండి, మందులు వెంట ఉండాలి.

నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులోకి వెళ్లడం నేరం. నిప్పు రాజేయడం కూడా నిషిద్ధమే కనుక, నీళ్లు కాచుకోవచ్చన్న ధీమాతో వెళ్లకుండా క్లోరిన్ మాత్రలు తీసుకెళ్లండి. ఏకాంతమే కావాలనుకుంటే అటవీశాఖ బసలోనో, కొండమీది సత్రంలోనో ఉండి, పగటిపూట అనుమతి ఉన్న దారుల్లో నడవడం మంచిదని నా అభిప్రాయం. ఆ నేల గుణం చెంచులకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఫలానా చోటికి వెళ్లవద్దని వారు చెబితే వాదించకండి.

వానలు మొదలయ్యాక పాముల భయం ఎక్కువ. కట్లపాము రాత్రిపూట, నేలమీద నిద్రిస్తున్నవారిని కాటేస్తుంది. నొప్పి అంతగా లేకపోవడం వల్ల కాటు పడినట్టే తెలియకపోవచ్చు. కింద పడుకోవలసి వస్తే దోమతెరను పరుపు కిందికి గట్టిగా దోపుకోండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ఏవీ చేయకుండా, ఆ అవయవం కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి. ఒంటరిగా ఉన్నవారికి అది దాదాపు అసాధ్యం. కాబట్టి పిలిస్తే పలికేంత దూరంలో ఒక మనిషి ఉండేలా చూసుకోండి.

ఇక మనసు మాట. బీపీ, షుగర్, కుంగుబాటు వంటివాటికి మందులు వాడుతున్నవారు, కొత్త జీవితం మొదలవుతోందని వాటిని ఒక్కసారిగా మానేయడం చాలా ప్రమాదం. ఇటీవల ఆప్తులను పోగొట్టుకున్నవారు, బతకాలనిపించడం లేదని ఎప్పుడైనా అనుకున్నవారు ఇప్పుడు ఒంటరిగా వెళ్లవద్దు. ముందు వైద్యుడితోనో, ఇంట్లోవారితోనో మాట్లాడండి. అడవి ఎక్కడికీ పోదు.

బయల్దేరే రోజున ఒక కాగితం మీద ఏ దారిన వెళ్తున్నారో, ఎక్కడ బస చేస్తారో, ఏ తేదీకి తిరిగి వస్తారో రాసి, అమ్మకో అన్నకో స్నేహితుడికో ఇవ్వండి. ఆ తేదీ దాటిన మర్నాడే 112కు, అక్కడి అటవీ రేంజి కార్యాలయానికి ఫోన్ చేయాలని వారితో మాట తీసుకోండి.