మనవరాలికే ఇస్తానని నోటితో అంటే చాలదు

మా అనంతపురం వైపు నాలుగెకరాల వేరుశనగ చేను ఉన్న అబ్బలు (తాతలు) చాలామంది "నా తర్వాత ఇది మనవరాలికే" అని అనేసి ఊరుకుంటారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోతే అబ్బ స్వార్జితంలో (సొంతంగా సంపాదించిన ఆస్తిలో), కొడుకు బతికుండగా ఆ కొడుకు పిల్లలకు నేరుగా వాటా రాదు.

అందుకే వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీ సంతకమో వేలిముద్రో, దానికి ఇద్దరు సాక్షులు. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలు, రేపు కోర్టులో చెప్పడానికి వాళ్లుండాలి కదా! ఆస్తి పొందేవాళ్లను మాత్రం సాక్షిగా పెట్టొద్దు. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు అన్నీ రాయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకోవడమే మంచిది. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

బతికుండగానే ఆస్తి రాసిచ్చేసే దానపత్రం అలా కాదు, రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం కష్టం. ప్రేమకొద్దీ ఉన్న ఒక్క ఇల్లూ రాసిచ్చేసే అవ్వలను చూస్తే నాకే టెన్షన్. ఇవ్వాలనే అనుకుంటే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు అందులోనే రాయించండి. అప్పుడు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం అండగా ఉంటుంది.

మనవరాలికి 18 నిండకపోతే, అప్పటిదాకా ఆస్తి చూసుకునే మనిషి పేరు కూడా రాయండి. ఆమె పేరున ఉన్న భూమిని కోర్టు అనుమతి లేకుండా అమ్మే హక్కు కన్నతండ్రికి కూడా లేదు.